అంటుకుపోయిన దూలం

ఫహాహీల్‌లో ఆగస్టు. బయట
గోడలకే చెమట పోస్తోంది.
లోపల పసుపు దీపాల గదిలో
తెల్ల ముసుగుల పిల్లలు ముగ్గురు
వెంట్రుకను ముప్పై చీలికలు చేస్తే ఒక చీలికంత
దూలాన్ని నిలబెట్టాలని
మూడు వారాలుగా.

నేను గౌన్లు లెక్కపెట్టే మనిషిని,
గ్యాసు సిలిండర్లు మార్చే మనిషిని.
ప్రొద్దుటూరులో మా నాయన
ఊపిరి బిగబట్టి ముక్కుపుడకలో రవ్వ పొదిగేవాడు.
ఊదుగొట్టం, త్రాసు, ఆమ్లం గిన్నె
అన్నీ ఒకే చాప మీద.
ఇక్కడ వాటికి మూడు అంతస్తులు.
లిఫ్టులో కలిసినా
ఎవరి పుస్తకం వాళ్ళ గుండెకే.

ఫవాజ్ బలం లెక్కేశాడు, వంగదన్నాడు.
సజిత్ తీగలు కలిపాడు, కదులుతుందన్నాడు.
కడిగి ఆరబెట్టగానే అది
గిన్నెకు మీగడలా అడుగున కరుచుకుంది.
పద్దెనిమిదోసారి.
లెక్క తప్పలేదు,
లెక్కలో నీళ్ళు లేవు, అంతే.
అంత చిన్న లోకంలో బరువును ఎవరూ లెక్కచేయరు,
ఆరిపోతున్న చుక్కదే
పాలెగాడి పెత్తనం.

పై అంతస్తు దానాను ఈ జట్టులో వేయడానికి
మేసూన్ మేడం పట్టుబట్టిన మీటింగులో
అందరి చాయ్ చల్లారిపోయిందట.
వేశాక, వీళ్ళు ఆ పిల్లకు
నోట్సు రాసే పని ఇచ్చారు.

ఆవేళ పెన్ను మూసి అంది:
"రొయ్యపిల్ల మీసాన్ని మేం గాలికి ఆరబెట్టం,
ముడుచుకుపోతుంది.
నీళ్ళు తీసి స్పిరిట్టు,
స్పిరిట్టు తీసి ద్రవంగా మారిన బొగ్గుపులుసు వాయువు,
ఆపైన వేడి, ఒత్తిడి.
ఎప్పుడు ఆవిరైందో దానికే తెలియదు.
మిషను మా దగ్గరుంది."

ఆ మిషనుకు ఆరేళ్ళుగా సిలిండర్ మోసింది నేను.
రెండు అంతస్తులూ తిరిగే నాకూ తట్టలేదు.
నన్నెవరూ అడగనూ లేదు.

సాయంత్రం మైక్రోస్కోపు దగ్గర
మూడు తలలు ఢీకొన్నాయి.
దూలం కింద సన్నటి చీకటి గీత.
గాలి దూరినంత సందు.
ఫవాజ్ ఏమీ అనలేదు,
దానా నోట్సు తీసుకుని
వెనక పేజీల నుంచి చదవడం మొదలుపెట్టాడు.

పరీక్షలు ఇంకా మూడు పేపర్లే,
మూడు రంగుల కవర్లలో.
మేడం మళ్ళీ మీటింగుకు వెళుతోంది.

వెళుతూ పిల్లలు మూడు గౌన్లూ
ఒకే బుట్టలో పడేశారు.
పేర్లు చూసి విడదీయడం నా పని.
కాసేపు అలాగే ఉంచాను.