పంజ్ ఒడ్డున

ఎండాకాలం ఇక్కడ ఎవరి మాటా అవతలికి చేరదు.
మంచు కరిగిన పంజ్ నది
బండలు దొర్లించుకుంటూ
రాత్రంతా నోరు పారేసుకుంటుంది.

మవ్లూదా మిద్దె మీద ఆప్రికాట్లు ఆరబోస్తుంది.
అవతలి మిద్దె మీదా అవే పళ్లు.
అక్కడ తిరిగేది పిన్ని కొడుకు ఖుష్‌నజర్ అని
నడకను బట్టి పోల్చుకుంటుంది.
మొహం ఎన్నడూ చూసింది లేదు.

సరిహద్దు ఎక్కడయ్యా అంటే
కాపలా జవాను నీళ్లలో బాగా లోతున్న చోటు చూపిస్తాడు.
కిందటి జూన్‌లో వరద
వీళ్ల బంగాళాదుంపల మడికి ఇవతలగా కొత్త దారి తీసింది.
మడి ఉన్నచోటే ఉంది,
పూతతో సహా దేశం మారింది.
ఒక్క కాగితం మీదా ముద్ర పడలేదు.

ఇటు పన్నెండు కొడితే అటు పదకొండున్నర.
ఆ అరగంటను ఏ చేప మింగిందో.

జనవరికి నది సన్నబడి గొంతు తగ్గిస్తుంది.
అవతలి కోడి కూత, ఎవరిదో దగ్గు
స్పష్టంగా వినిపిస్తాయి.
ఈసారి మవ్లూదా గట్టు దిగి
నోటికిరువైపులా చేతులు పెట్టి
ఆర్నెల్లుగా దాచుకున్న ప్రశ్న అరిచింది:
"మా దుంపలు తవ్వారా?"

కాసేపు నీళ్ల చప్పుడే.

"తవ్వాం!
గోలీకాయలంతే ఉన్నాయి!"