రబ్బరుబ్యాండు

ఫోను వీపున అగ్గిపెట్టంత డబ్బా.
రెండూ విడిపోకుండా
తోటకూర కట్టకొచ్చిన రబ్బరుబ్యాండు.
"ఏటిరా అది, బాంబా?" అన్నాడు
నెల్లిమర్ల టీకొట్టు దాలినాయుడు.

కాదు మావా.
జూటుమిల్లు మగ్గాలు నా చెవుల్ని
ఇరవయ్యేళ్లు నమిలేసినాయి.
ఫోనెంత అరిసినా గోడవతలి మాటే.

రాత్రి గెయిన్ మీట పైకి నెట్టినాను.
అప్పలనర్సమ్మ జముకుల కథ,
క్యాసెట్టులోంచి దింపిందే, వందసార్లు ఇన్నదే.
గొంతుకన్నా ముందు ఆవిడ ఊపిరి ఇనపడింది.
జముకు నరం మీద వేలి తడి.
ఎనకెక్కడో ఎవరో
"అగ్గిపెట్టుందేటి?" అనడిగారు.

మా అయ్య.

కథ ఆగనేదు.
నానే ఆపి, ఎనక్కి జరిపి,
మల్లా ఆ అగ్గిపెట్టి కాడికే,
డబ్బాకి ఎర్రలైటు ఎలిగిందాకా.