సప్పుడు

ధర్మాబాద్ మిర్చి అడ్తిల కూసుంటె
ఎవలైనా దగ్గాల్సిందే.
సేటు దగ్గుతడు, కాంటా పెట్టెటోడు దగ్గుతడు,
బయట కట్టేసిన ఎద్దు గూడ.
తొడిమెలు తీసే మాకు అలవాటయింది,
అయినా దగ్గుతం.

మా వరుసల పదకొండు మందిమి.
పదకొండు మందికీ మొగండ్లు లేరు.
హల్దీకుంకుం నాడు ఊర్ల ఆడోళ్ళంత నాగా పెడితె
మేము పొద్దుగాలనే వస్తమని
సేటుకు ఎరుక.

దినమంత ఎరుపుల చేతులు పెట్టి
మాపటికి సబ్బు రాసి కడుక్కుంటం.
నొసటికి మాత్రం అంటనియ్యం.
ఒకపారి పోశవ్వ చెమట తుడుచుకుంటె అంటింది.
ఇంటికి పొయ్యేదాంక
ఎవ్వరం చెప్పలే ఆమెకు.

ఈ చుట్టుపక్కల ఎవలింట్ల మొగడు పోయినా
పదో దినం నన్నే పిలుస్తరు.
లసుంబాయి చెయ్యి గట్టిది, ఏడ్వది, అంటరు.
నావి పలగ్గొట్టిన ముసల్దానికి చేతులు వణుకుతుండె.
పెంకొకటి మణికట్టుల దిగింది,
మల్ల రాలే. తోలు దానిమీంచే పెరిగింది.
చలికాలం ఇప్పటికీ సలుపుతది,
దీపం కాడ పెడితె పచ్చగ కనబడ్తది.
మా అత్త బతికినన్ని దినాలు
నన్ను బోడి చేతులదనే పిలిచింది.
ఆమెకు లెక్క తెల్వదు.

మొన్న బిలోలి తొవ్వల ట్రాక్టర్ బోల్తాపడి
దిగంబర్ పోయిండు.
పెండ్లాం సురేఖకు ఇర్వై నాలుగు.
కబురొచ్చింది: ఎల్లుండి, గోదారి ఒడ్డుకు,
పొద్దు పొడవకముందు.

మనియార్ రుక్నుద్దీన్ దుకాణం ముంగట నిలబడ్డ.
ఎవలకు, అన్నడు, నా నొసలు చూసి.
పలగ్గొట్టనీకి, అన్న.
ఇంకేం అడుగలే.
పగుళ్ళున్నయి, రంగు పోయినయి ఏరి
డజను గాజులు కాయితంల చుట్టిచ్చిండు.
పైసలొద్దన్నడు.
నాలుగడుగులు పోయినంక మల్ల పిలిచి
ఐదు రూపాయలు తీసుకున్నడు.

ఒడ్డు మీద మొగోళ్ళు ఆ దిక్కు తిరిగి కూసున్నరు.
బీడీలు. ఒకని ఫోన్ల మరాఠీ భజన.
వాళ్ళు చూడరు, చూసుడు పాపమంట.
వాళ్ళకు సప్పుడు ఇనబడాలె, గంతే.
ఇనబడ్డంక లేసి తానాలకు దిగుతరు.

అడ్డం పట్టిన చీర ఎనక
సురేఖ రెండు చేతులూ చాపింది,
బడిల దెబ్బలకు చాపినట్టు.
నేను నడుముల్నుంచి సబ్బుముక్క తీసిన.
గోదారి నీళ్ళతోని తడిపి, బొటనవేలు లోపటికి మడిచి,
తొడిగేటోళ్ళు ఎట్ల తొడుగుతరో
అట్లనే, ఎనక్కి,
ఒక్కొక్కటి.
పిల్ల నా మొకం చూసింది.
చీర పట్టుకున్న ముసలోళ్ళు చూసిండ్రు.
చీర మాత్రం కిందికి దించలే.
పదహారు. ఎర్రయి పన్నెండు,
బంగారు నీళ్ళయి నాలుగు.
ఆమె కొంగులనే మూటగట్టి బొడ్ల దోపిన.

అప్పుడు రాయి తీసుకొని
రుక్నుద్దీన్ గాజులు బండమీద పెట్టి కొట్టిన.
మంచిగ కొట్టిన.
అవుతల ఎవలో, అయింది, అన్నరు.

బొట్టు తుడిచిన. మట్టెలు గుంజిన.
అన్నీ ఆపుడు నాతోని కాదు.
నేనేం పెద్ద మనిషిని గాదు,
ఎంతమందికి నిజంగనే పలగ్గొట్టిన్నో ఈ చేతుల్తోని.
వాళ్ళల్ల పోశవ్వ ఒకతి.
ఇప్పుడు నా పక్కకే కూసుంటది,
తన పండ్లపుల్ల నాకు సగం విరిచిస్తది.

నెల మాసినంక సురేఖ అడ్తికొచ్చింది.
పన్నెండో మనిషి.
పొడుగు చేతుల రైక. తలకాయ ఎత్తది.
మూడోనాడు తట్ట నెత్తికెత్తుకుంటుంటె
రైక లోపట ఎక్కన్నో
సన్నగ,
రెండు, రెండే అయ్యుంటయి.

కాంటా కాడి మనిషి తల తిప్పిండు.

నేను దగ్గిన.
పోశవ్వ దగ్గింది.
ఇగ వరుస వరుసంత.
మిర్చి ఘాటు ఆ దినం
జరంత ఎక్కువనే ఉండె.