మార్చి ముప్పై ఒకటి, పాలకొల్లు

ఫ్యాను గాలికి రసీదులు ఎగరకుండా
అరకిలో తూకం రాయి.
మిల్లు రామభద్రరాజు గారికి చెప్పాను:
"నగదు రెండువేలు దాటితే చెల్లదండి,
చెక్కు రాయండి, ఎనభై జీ కింద చూపిద్దాం."
"మరి వరదలో ఇచ్చిన బియ్యం? నలభై బస్తాలు!"
"వస్తువులు లెక్కలోకి రావండి."
ఆయన నవ్వారు.
"తిన్నోళ్ళ లెక్కలోకి వచ్చాయిలే."

ఆ బస్తాలు లంకకు దాటించిన పడవ
నాగూరుది. డీజిలూ తనదే.
పాన్ కార్డు లేదు.
ఎన్ని ట్రిప్పులేశావని నిన్న టీకొట్టు దగ్గర అడిగితే
"లెక్కెవడెట్టాడండీ, వరద తీసేదాకా" అని
బన్ను ముంచుకున్నాడు.

కుడిచెయ్యి ఇచ్చింది
ఎడంచేతికి తెలీకూడదనేది మా నాయనమ్మ.
రాత్రి రసీదు పుస్తకం మూసి చూసుకుంటే
కార్బను మసి
ఎడంచేతి నిండా.