గీతల గది

పెట్టెలో రెండు గదులు.
ఒకదాని గోడలకి నిలువు గీతలు, ఇంకోదానికి చుక్కలు.
వారం రోజులు గీతల గదిలో కొకైన్,
చుక్కల గదిలో ఉత్త ఉప్పునీళ్లు.
ఇవాళ సూది లేదు. తలుపు తీశాను.

పదిహేడో నంబరు ఎలుక నేరుగా గీతల దగ్గరికెళ్లి
అక్కడేదో పారేసుకున్నట్టు
మూలమూలా వెతికింది.

ఇరవైమూడోది పుట్టుకతోనే ఆ గ్రాహకం లేనిది.
గంజాయి పేరు పెట్టాం గానీ, నిజానికది
మెదడు తనకు తానే కాచుకునే సారాకి
తలుపు తీసే గడియ.
గడియ లేని ఎలుక రెండు గదులూ వాసన చూసి
గడప మీద కూర్చుని మీసాలు దువ్వుకుంది.
సెకన్లు రాసుకున్నాను.

బోన్లు కడిగే మునిశామప్ప నా వెనకే నిలబడి,
కోలారు తెలుగులో:
"దీనికేం తీసేసినారు మేడమ్?"
నాకు చేతనైనంత చెప్పాను.
"నొప్పి చేసిందా?"
పుట్టకముందే తీసేశాం అన్నాను.
గ్లవ్స్ ఊడదీసుకుంటూ చాలాసేపు ఊరుకున్నాడు.

తాగుడు మాని నాలుగేళ్లంట.
ఇప్పటికీ మత్తికెరెలో బస్సు దిగి,
వైన్ షాపు ఎర్రబోర్డు కంటబడకుండా
రెండు వీధులు చుట్టి ఇంటికి పోతాడంట.
"వానొచ్చినా అంతే. నేను మర్సిపోయినా
కాళ్లు మర్సిపోవు మేడమ్."

నా పట్టికలో కాళ్లకి గడి లేదు.

తొమ్మిదింటికి బయటికొస్తే యశ్వంతపురం వైపు నుంచి వాన.
గొడుగు ఒకటే ఉంది, నాది.
ఆ రెండు వీధులూ
ఆయనతో పాటే చుట్టాను.