కరెంటు పోయిన గంట

రాత్రి పన్నెండు దాటినాక తాడిపత్రిలో
బండల మిల్లులన్నీ ఒక్కసారే నోరు మూసుకున్నాయి.
నా కంప్రెసరు కూడా
దగ్గి, దగ్గి, ఆగింది.

ఐసు ఫ్యాక్టరీ మిద్దె మీద
నేనూ, నా చెల్లెలి కూతురు వన్నూరమ్మా.
వైశాఖం. మిద్దె ఇంకా కాలుతోంది,
తడి గోనె పరుచుకుని కూచున్నాం.

"మామా, తేలు కొండి పక్కన చూడు," అనింది.
పాలవెల్లిలో ఆడ
బొగ్గు చేత్తో ఎవరో తుడిచినట్టు ఒక నలుపు.
"బొక్క కదమ్మా అది?"
"బొక్క కాదు, దుమ్ము.
దుమ్ము వెనక చుక్కలున్నాయి. దుమ్ము నడుమ లేవు.
ఇంకా లేవు."

దుమ్మంటే నాకు కొత్తా?
మా నాయన రొమ్ములో
నలభై ఏండ్ల నాపరాయి ఉండె.

ఎంత చల్లన అని అడిగినా.
నా కూలి అదే కదా, చలికి లెక్క రాయడం:
ఉప్పునీళ్ళు సున్నాకు పది కింద,
గంటగంటకీ రిజిస్టర్లో నా సంతకం.
"సున్నాకు రెండొందల అరవైమూడు కింద."
నవ్వినా. ఏ కంప్రెసరుతో?
"ఏదీ లేదు మామా. వెలుగు లోపలికి పోకుంటే చాలు."

చక్కెర బిళ్ళంత చోటులో లక్ష అణువులట,
నా ఒక్క దగ్గులో వాటికి లెక్కే లేదు.
అయినా ఆకాశంలో దాన్నే చిక్కన అంటారు.
ఈ కొస నుంచి ఆ కొసకు
వెలుగుకే నాలుగు నెలల దారి.

ఆ చలికి కార్బన్ మోనాక్సైడు
దుమ్ము రేణువుకు అంటుకుని, మంచై, మూగబోతుంది.
ఇంక మాట్లాడేందుకు మిగిలేది—
ఆగి నా దిక్కు చూసింది—
"అమ్మోనియా.
అది పంపే సన్నటి గీతల్ని బట్టే
లోపల ఎంత చలో తెలిసేది."

అమ్మోనియా.
వాల్వు పగిలిన రాత్రి
మహబూబ్ బాషా కండ్లు తీసుకున్నది.
నా ముక్కు తీసుకున్నది,
మల్లెపూలకూ మురికికాలవకూ తేడా తెలిసి
పదకొండేండ్లు.
అది అంత దూరాన
ఎవురికీ కీడు చేయకుండా
థర్మామీటరై కూచుందా?

శానాసేపు నేను మాట్లాడలేదు.

"మరి చుక్కవుతుందా అది?"
"తెలీదు. బరువు లోపలికి లాగుతాంది,
ఉన్న పిసరంత వేడి బయటికి నెడుతాంది.
కొన్ని కూలి చుక్కలైతాయి.
కొన్ని ఊరికే చెదిరిపోతాయి.
లక్షల ఏండ్లు చూడాల."

కింద డబ్బాల్లో నా దిమ్మలు గుర్తొచ్చినాయి.
ఐసు అంచుల నుంచి కడుతుంది.
నడుమ కడాకు దాకా నీళ్ళే,
ఉప్పూ గాలీ తరుముకొచ్చి ఆడనే తెల్లగా నిలబడతాయి.
ఆ నలుపుకు అంతా తిరకాసు:
అన్నిటికన్నా చల్లన నడుమే,
చుక్క పుడితే పుట్టాల్సిన చోటే.

కరెంటొచ్చింది.
మిల్లు లైట్లకు పాలవెల్లి చెరిగిపోయింది,
నలుపుతో సహా.

కిందికి దిగి స్విచ్చేసి రాసినా:
పన్నెండు పది నుంచి ఒకటీ అయిదు దాకా కరెంటు లేదు.
ఉప్పునీళ్ళు సున్నాకు ఏడు కింద.
పక్కన ఇంకో అంకె రాయబోయి,
గడి చాలక
మానుకున్నా.