మూడో ఎర్కి

జూలై. రాత్రి పదకొండు కావస్తోంది,
ఈ ఉత్తరాన పొద్దు ఇంకా వాలలేదు.
ఔలు పట్నం ఆర్కైవ్‌లో కిటికీ తెర దించుకుని
నేను చచ్చిపోయిన పిల్లల్ని లెక్కపెడుతున్నాను.

ఇది ఉద్యోగం. జీతమిస్తారు.
లుమిసారి చర్చి పాత పుస్తకాలు, పాదిరి కోడిగీతలు.
పుట్టుకలు ఒక పుస్తకంలో, చావులు ఇంకో పుస్తకంలో,
రెండింటినీ కలిపి కుట్టడం నా పని.

1751 నుంచి పదేళ్లు:
పుట్టినవాళ్లు నాలుగు వందల పన్నెండు.
ఏడాది నిండకుండా పోయినవాళ్లు నూట అరవై మూడు.
వెయ్యికి మూడు వందల తొంభై ఆరు, అంటుంది యంత్రం.
ఆ ఊళ్లో వెయ్యిమంది పిల్లలు ఏనాడూ లేరు.
ఉన్నారనుకోవాలి.
అనుకుంటేనే ఒక కాలాన్ని ఇంకో కాలం పక్కన నిలబెట్టగలం,
ఎత్తు చూడ్డానికి పిల్లల్ని గోడకి ఆనించినట్టు.

బాప్తిస్మానికి ముందే పోయినవాళ్లు
ఏ పుస్తకంలోనూ లేరు.
ఆ సంగతి అడుగున చిన్న అక్షరాల్లో రాయమంది సైమి, మా పై అధికారి.
రాశాను.

చావులన్నీ గడ్డికోతల నెలల్లో గుమిగూడాయి.
తల్లులు నది అవతల, పచ్చికల్లో.
ఉయ్యాల మీద వేలాడుతూ ఆవుకొమ్ము:
కొన తొలిచి, తోలు చనుమొన కట్టి,
లోపల పొద్దుటి పాలు, మధ్యాహ్నానికి విరిగిన పాలు.
ఉగ్గుపాలతో అబ్బింది అంటారే,
వీళ్లకి అబ్బింది అదీ.

కారణం గడిలో పాదిరి రాసింది ఒకటే: తెలియని బాలరోగం.
దాని కిందా అదే. దాని కిందా.
ఆపైన చెయ్యి నొప్పెట్టిందో ఏమో,
మాట మాని, పేజీ పొడుగునా చుక్కలు పెట్టుకుంటూ పోయాడు.

అప్పుడు తెర మీద ఎర్ర పెట్టె తెరుచుకుంది:
ఎర్కి. తల్లి మాలీసా, తండ్రి యాకో.
ఈ నమోదు మూడుసార్లు ఉంది. కలిపేయనా?

తేదీలు చూశాను. 1754. 1756. 1757.
పోయినవాడి పేరు వచ్చినవాడికి.
పొత్తిళ్లు అవే, కొమ్ము అదే, పేరూ అదే.
లేనివాళ్ల ఇంట్లో ఏదీ పారేయరు.

సరే అని నొక్కితే
ఇద్దరు ఎర్కిలు చావకుండా పోతారు.
పుట్టకుండానూ పోతారు.
రేటు మూడు మెట్లు దిగుతుంది, ఎవరికీ తెలియదు.

వద్దు అని నొక్కాను.
ఖాయమా? అంది యంత్రం.
మూడుసార్లు నొప్పులు పడ్డ మనిషినడుగు.

మూడోవాడికి చావు దొరకలేదు.
నాలుగు పుస్తకాలు తిరగేశాక
ముప్పై రెండేళ్ల అవతల, తండ్రి గడిలో కనిపించాడు,
కూతురికి మాలీసా అని పేరు పెట్టించుకుని.
ఎందుకో లేచి వెళ్లి కాఫీ పెట్టుకున్నాను.

గీత ఆ తర్వాత దిగింది, తిన్నగా కాదు.
బెరడు కలిపి రొట్టెలు కాల్చుకున్న కరువులో
మళ్లీ ఎగబాకింది, మళ్లీ జారింది.
ఎవరు కిందికి లాగారో పట్టికలో లేదు.
స్కీల మీద ఇంటింటికీ వచ్చి
కొమ్ముల్ని పొయ్యిలో పడేసిన మంత్రసాని ఒకావిడ ఉండేదట,
సైమి వాళ్ల ముత్తవ్వ చెప్పేదట.
అది ఆధారం కాదు. రాయలేదు.

చివరి వరస ఈ పదేళ్లది.
ఇందులో పేర్లుండవు, తల్లులుండరు.
ఐదుకి లోపైతే అంకె చూపకూడదని నియమం;
గడిలో ఒక చుక్క పెట్టి ఇస్తారు.
మంచి వార్తే. పండగ చేసుకోవలసిన వార్తే,
మూడు వందల తొంభై ఆరు నుంచి
చుక్క దాకా రావడం.

నాకా చుక్కలో ఒకరు తెలుసు.
నేనుండేది లుమిసారిలోనే, రోజూ బస్సులో వస్తాను.
మా మెట్ల కింద నీలం రంగు పిల్లల బండి
పోయిన చలికాలమంతా ఉంది.
చక్రాల మంచు కరిగి నేల మరకలు కట్టినా
ఎవరం కదపలేదు. ఎవరిదని అడగలేదు.
మార్చిలో ఒకనాడు చూస్తే లేదు.

పట్టిక సేవ్ చేశాను.
చివరి బస్సు పదకొండు నలభైకి.